అన్న ఆ రోజు తిరుమలలో ఉన్నాడు: ముద్దాయి అవుతాడా?

ప్రశ్న: మా తమ్ముడు నగర శివారులో కొనుక్కున్న 200 గజాల స్థలం తనదంటూ ఒకాయన అడ్డుపడ్డాడు. స్థలాల సెటిల్‌మెంట్లు చేసే ఆయన్ని ఆ చుట్టుపక్కల అందరూ ‘అన్న’ అంటారు, రౌడీషీటు కూడా ఉంది. ఒకరోజు తమ్ముణ్ణి తన ఆఫీసుకు పిలిపించి స్థలం వదులుకోమని బెదిరించాడు. ఆ సంగతి తమ్ముడు ఇంటికొచ్చి మరదలితో చెప్పాడు. ఆ వారంలోనే నలుగురు కుర్రాళ్లు ఇనుప రాడ్లతో కొడితే ఆస్పత్రిలో చనిపోయాడు. ఇది జరిగి రెండు నెలలవుతోంది, ఛార్జిషీటు ఇంకా వేయలేదు. ఆ నలుగురూ ఆయన వెంట తిరిగేవాళ్లే. కానీ ఆ రోజు ఆయన తిరుమలలో ఉన్నాడు, ఫొటోలు కూడా పెట్టుకున్నాడు. ఎఫ్‌ఐఆర్‌లో కుర్రాళ్ల పేర్లే ఉన్నాయి. ‘అక్కడ లేనివాడి మీద కేసెలా పెడతామమ్మా’ అన్నారు స్టేషన్‌లో. ‘అన్న చెప్తేనే కొట్టాం’ అని ఒక కుర్రాడు పోలీసుల ముందు ఒప్పుకున్నాడట. ‘భయపెట్టి రమ్మన్నాను గాని చంపమన్నానా’ అని ఆయన ఎవరితోనో అన్నట్టు విన్నాం. ఇప్పుడేమో రాజీకి మనుషుల్ని పంపుతున్నాడు. ఆయన్ని ముద్దాయిగా చేర్చే దారి ఉందా?
(పేరు ప్రచురించవద్దన్న ఒక సోదరి)

సమాధానం: అమ్మా, ఘటన జరిగిన చోట లేని మనిషిని హత్య కేసులో ముద్దాయిగా చేర్చడానికి మన చట్టం ఒప్పుకుంటుంది. ఇవాళ కొత్తగా కాదు, 1860 నాటి శిక్షాస్మృతి కాలం నుంచీ ఒప్పుకుంటోంది. అయితే మీ ఉత్తరంలో ఉన్న సమాచారం ఇప్పుడున్న రూపంలో కోర్టుకు వెళితే ఆయనకు శిక్ష పడుతుందని మాత్రం నేను చెప్పలేను. చేర్చడం వేరు, రుజువు చేయడం వేరు. స్టేషన్‌లో ఈ రెంటినీ కలిపేసి మీకు ఒక్క మాటలో జవాబిచ్చేశారు.

వాళ్లన్న మాటలో సగం నిజముంది, ముందు ఆ సగం చెబుతాను. భారతీయ న్యాయ సంహితలోని 3(5) సెక్షన్, అంటే పాత శిక్షాస్మృతిలోని 34, ఉమ్మడి ఉద్దేశంతో కొందరు కలిసి నేరం చేసినప్పుడు ఎవరి చేతిలో ఆయుధం ఉన్నా అందరూ ఆ నేరం చేసినట్టేనని చెబుతుంది. 1923లో కలకత్తా శంఖారిటోలా పోస్టాఫీసులో పోస్టుమాస్టర్‌ని కాల్చి చంపిన కేసులో బారేంద్రకుమార్ ఘోష్ అనే ముద్దాయి, తాను బయట ప్రాంగణంలో భయపడుతూ నిలబడ్డానే తప్ప కాల్చలేదని వాదించాడు. అప్పట్లో మన కేసులకు చివరి అప్పీలు కోర్టుగా లండన్‌లో ఉన్న ప్రివీ కౌన్సిల్ ఆ వాదన వినలేదు, కాపలాగా నిలబడడం కూడా ఆ పనిలో భాగమేనంది. కానీ గమనించండి, అతను కనీసం ప్రాంగణం దాకా వచ్చాడు. ఈ సెక్షన్ కింద శిక్ష వేయాలంటే ముద్దాయి ఏదో ఒక రూపంలో ఆ చోట ఉండి తీరాలని సుప్రీంకోర్టు మునిపల్లి కేసులో చెప్పింది, తర్వాతి తీర్పులు ఆ నియమాన్ని ఒంటిమీద దాడి చేసే నేరాలకు పరిమితం చేశాయి. చట్టవిరుద్ధ సమూహానికి సంబంధించిన 190వ సెక్షన్‌కైతే కనీసం ఐదుగురు ఉండాలి. కొట్టినవాళ్లు నలుగురు, తిరుమలలో ఉన్నవాణ్ణి కలిపి ఐదుగురని లెక్క చెప్పడం కుదరదు. ఇంతవరకు మీ స్టేషన్ అధికారి మాట సరైనదే.

ఆయన చెప్పకుండా వదిలేసిన సగం వేరే సెక్షన్లలో ఉంది. 61వ సెక్షన్ నేరపూరిత కుట్ర గురించి, 45 నుంచి మొదలయ్యే సెక్షన్లు ప్రోద్బలం గురించి చెబుతాయి. ఇద్దరు లేక అంతకంటే ఎక్కువ మంది ఒక నేరం చేయాలని ఒప్పుకోవడంతోనే కుట్ర పూర్తవుతుంది. ఒకరిని నేరానికి పురికొల్పినా, అందుకు కావాలని సాయపడినా ప్రోద్బలం అవుతుంది. వీటిలో దేనికీ నేరస్థలంలో ఉండాలన్న షరతు లేదు. ప్రోద్బలం వల్ల ఆ నేరం జరిగి ఉంటే, ప్రత్యేకంగా వేరే శిక్ష చెప్పని చోట, చేసినవాడికి పడే శిక్షే చేయించినవాడికీ పడుతుందని 49వ సెక్షన్ అంటుంది. కాబట్టి ఆ తిరుమల ఫొటోలు ‘నేను కొట్టలేదు’ అనడానికి పనికొస్తాయేమో గాని ‘నేను కొట్టించలేదు’ అనడానికి ఏమాత్రం పనికిరావు. అలాగని ఆ ఫొటోలనే కుట్రకు రుజువుగా చూపాలనుకోవద్దు. రోజూ వేలమంది కొండకు వెళుతుంటారు.

ఇక ‘భయపెట్టి రమ్మన్నాను గాని చంపమన్నానా’ అన్న మాట. ఈ వాదన ఎంత పాతదంటే, దానికి జవాబు చట్టంలోనే ఉదాహరణలతో సహా రాసి ఉంది. చెప్పిన పని ఒకటి, జరిగిన పని మరొకటి అయినప్పుడు, జరిగినది చెప్పినదానికి సహజంగా రాగల పర్యవసానమైతే చెప్పినవాడు దానికీ బాధ్యుడేనని 51వ సెక్షన్ అంటుంది. ఆయుధాలిచ్చి అర్ధరాత్రి ఒకరింట్లో దోపిడీకి పంపితే, ఇంటాయన ఎదురుతిరిగినప్పుడు వెళ్లినవాళ్లు ఆయన్ని చంపేశారనుకోండి, ఆ హత్య ఊహించదగ్గ పర్యవసానమైతే పంపినవాడికీ హత్య శిక్షే. అదే సెక్షన్‌లో మరో ఉదాహరణ ఉంది: ఇల్లు తగలబెట్టమని పంపితే, వెళ్లినవాడు తగలబెట్టడంతో పాటు వస్తువులు కూడా దొంగిలిస్తే, ఆ దొంగతనానికి పంపినవాడు బాధ్యుడు కాడు, ఎందుకంటే అది తగలబెట్టడంలోంచి పుట్టిన పని కాదు. ముఠా నాయకుల బాధ్యతకు చట్టం గీసిన గీత ఇక్కడుంది. అనుచరుడు చేసిన ప్రతిదీ నాయకుడి మెడకు చుట్టుకోదు, నాయకుడు అప్పగించిన పనిలోంచి ఏది వచ్చిందన్నదే లెక్క.

మీ తమ్ముడి విషయానికి ఇంకా దగ్గరగా ఉన్నది 53వ సెక్షన్. తీవ్రంగా గాయపరచమని ఒకడు పురికొల్పాడు, రెండోవాడు గాయపరిచాడు, ఆ గాయాలతో బాధితుడు చనిపోయాడు. ఆ గాయాలు ప్రాణం తీసే అవకాశముందని మొదటివాడికి తెలిసి ఉంటే అతనికి హత్యకు వేసే శిక్ష వేయవచ్చు. అందువల్ల మీ కేసులో తేలవలసింది ‘చంపమన్నాడా’ అన్నది కాదు. ఏం చేసి రమ్మన్నాడు, రాడ్లు ఎవరిచ్చారు, నలుగురిని రాడ్లతో పంపినప్పుడు ప్రాణం పోవచ్చని తెలియకుండా ఉంటుందా అన్నవి తేలాలి. దెబ్బలు తల మీద ఎన్ని, కాళ్ల మీద ఎన్ని అన్నది పోస్టుమార్టం నివేదికలో ఉంటుంది. కాళ్ల మీదే ఉంటే వాళ్ల వకీలు ఒకలా వాదిస్తారు, తల మీద ఉంటే కథ మారిపోతుంది. ఆ నివేదిక ప్రతి తీసుకుని మీ న్యాయవాదికి చూపించండి.

మరో సంగతి. ఆ మాట ఆయన ‘ఎవరితోనో’ అన్నాడని రాశారు. ఎవరితో అన్నాడమ్మా? మీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించిన వాక్యం అది. ‘భయపెట్టి రమ్మన్నాను’ అంటే తానే పంపానని ఒప్పుకున్నట్టు. పోలీసుల ముందు కాకుండా బయటి మనిషితో అన్నది గనుక కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చు. ఇలాంటి ఒప్పుకోలు బలహీనమైన సాక్ష్యమే, ఇతర ఆధారాల తోడు లేనిదే సాధారణంగా కోర్టులు దాని మీద నమ్మకం పెట్టవు. అయినా విన్న మనిషి స్వయంగా వచ్చి చెప్పాలి, మీరు విన్నట్టు విన్నానంటే చెల్లదు. ఆ మనిషి ముందుకొస్తానంటే, కేసులు నడిపే పద్ధతి చెప్పే నాగరిక సురక్షా సంహితలోని 183వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం నమోదు చేయించమని దర్యాప్తు అధికారిని లిఖితపూర్వకంగా కోరండి. నెలలు గడిచేకొద్దీ సాక్షులు చల్లబడిపోతారు, అది మన కోర్టుల్లో రోజూ చూసేదే.

కుర్రాడు పోలీసులతో ‘అన్న చెప్తేనే కొట్టాం’ అన్నాడని మీరు ఊరట పడుతున్నట్టున్నారు. ఆ ఊరట పెట్టుకోవద్దని చెప్పక తప్పదు. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యం కాదు, భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ దాన్ని అడ్డుకుంటుంది. ఆ ఒప్పుకోలు వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ వస్తువుకు నేరుగా సంబంధించినంత మాట మాత్రమే చెల్లుతుంది. ఈ సూత్రాన్ని దేశమంతా నేర్చుకున్నది మన గుంటూరు కేసు నుంచే. గుంటూరు సెషన్స్ కోర్టులో శిక్షలు పడి, మద్రాసు హైకోర్టు మీదుగా ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లి 1946లో తేలిన పులుకూరి కోటయ్య కేసులో, ఒక ముద్దాయి తాము ఫలానా చెరువు మూల కాపు కాసి కొట్టి చంపామని, బల్లేన్ని, కర్రను ఫలానావారి వామిలో దాచానని, వస్తే చూపిస్తానని, ఇదంతా పులుకూరి కోటయ్య ప్రోద్బలంతోనే చేశామని చెప్పాడు. ప్రివీ కౌన్సిల్ అందులో వామిలో దాచాను, చూపిస్తాను అన్నంత వరకే ఉంచి, మిగతాదంతా కొట్టేసింది. ‘కోటయ్య ప్రోద్బలంతో’ అన్న మాట కూడా ఆ కొట్టేసినదాంట్లోనే పోయింది. ఎనభై ఏళ్లు కావస్తున్నా ఈ విషయంలో చట్టం మారలేదు. మీ కేసులో కుర్రాడు రాడ్ తీసి చూపించి ‘ఇది అన్న ఇచ్చిందే’ అని ఉంటే, రాడ్ ఎక్కడ దొరికిందన్నది నిలుస్తుంది, ‘అన్న ఇచ్చింది’ నిలవదు.

అదే కుర్రాడు దాడికి ముందు మరో కుర్రాడికి ‘అన్న ఓకే అన్నాడు, బయల్దేరు’ అని వాట్సాప్‌లో పంపి ఉంటే పరిస్థితి వేరు. కుట్ర ఉందని నమ్మడానికి సహేతుకమైన ఇతర ఆధారం ఉన్నప్పుడు, ఆ కుట్ర సాగుతుండగా దాని కోసం ఒకరన్న మాటా, చేసిన పనీ మిగతావాళ్ల మీద కూడా చెల్లుతాయని అధినియమంలోని 8వ సెక్షన్ అంటుంది. పని ముగిసి పట్టుబడ్డాక చెప్పే మాటలు ఆ కిందికి రావు. దాడికి ముందు పంపిన చిన్న సందేశానికున్న విలువ అరెస్టు తర్వాత పేజీల కొద్దీ చెప్పిన వాంగ్మూలానికి ఎందుకుండదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. అందుకే నలుగురి ఫోన్లు, ఆయన ఫోను స్వాధీనం చేసుకున్నారా, ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపారా అని అడగండి. ఆయన తిరుమలలో ఉన్నాడంటున్నారు గనుక ఆ రోజు మాట్లాడుకుని ఉంటే ఫోన్‌లోనే మాట్లాడుకుని ఉండాలి. దాడికి ముందు, దాడి జరిగిన వెంటనే ఎవరు ఎవరికి ఫోన్ చేశారో కాల్ డేటా చెబుతుంది. టెలికాం కంపెనీలు ఆ వివరాలను కనీసం రెండేళ్లు ఉంచాలి గాని, ఆయన ఆఫీసు వీధిలోని దుకాణాల సీసీ కెమెరాల్లో దృశ్యాలు కొన్ని వారాలకే చెరిగిపోతాయి. రెండు నెలలైందంటున్నారు, కొన్ని ఇప్పటికే పోయి ఉండవచ్చు, మిగిలినవైనా ఈ వారమే అడగాలి. మీ తమ్ముడి ఫోన్‌ను మాత్రం ఎవరూ ముట్టుకోకుండా ఉంచండి. అందులో ఏముందో స్క్రీన్‌షాట్లు తీసి బంధువులందరికీ పంపితే పనేమీ జరగదు, కోర్టుకు అసలు ఫోను కావాలి, ప్రతులు చూపితే వాటికి సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి.

తమ్ముడు మీ మరదలితో చెప్పిన మాట గురించి మీరు రెండు ముక్కల్లో రాసి వదిలేశారు, బహుశా విన్నమాట చెల్లదని ఎవరో చెప్పి ఉంటారు. ఇక్కడ చెల్లుతుంది. చనిపోయిన మనిషి తన మరణానికి దారితీసిన పరిస్థితుల గురించి అన్న మాట, అన్ననాటికి మరణభయం ఉన్నా లేకపోయినా, సాక్ష్యమవుతుంది. పాత సాక్ష్య చట్టంలో 32వ సెక్షన్‌లో ఉన్న ఈ నియమం ఇప్పుడు సాక్ష్య అధినియమం 26వ సెక్షన్‌లో ఉంది. దీన్ని స్థిరపరిచింది కూడా మన ప్రాంతంతో ముడిపడిన కేసే: పిఠాపురం దివాన్ కొలువులో బంట్రోతుగా చేసిన ఒకాయన 1937లో, బాకీ డబ్బు కోసం బరంపురం వెళుతున్నానని భార్యతో చెప్పి బయల్దేరాడు. తర్వాత పూరీలో రైలుపెట్టెలోని ఒక ట్రంకుపెట్టెలో శవమై దొరికాడు. పాకాల నారాయణస్వామి కేసుగా పేరుపడ్డ ఆ వ్యవహారంలో, భార్యతో అన్న ఆ మాట సాక్ష్యంగా చెల్లుతుందని 1939లో ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. మీ మరదలు విన్నది వారం లోపలి మాట, అదే స్థలం గురించిన మాట, కాబట్టి దూరపు సంబంధమని తోసేయడం కష్టం. ఆమె వాంగ్మూలంలో ఆ సంగతి ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే అదనపు వాంగ్మూలం ఇప్పించండి. విచారణలో మొదటిసారి చెబితే ‘తర్వాత కల్పించారు’ అని అడ్డుప్రశ్నల్లో చీల్చి చెండాడుతారు.

పెద్ద ముఠాల నాయకులకు శిక్షలు పడలేదా అంటే పడ్డాయి. ముంబయిలో ఒక శివసేన కార్పొరేటర్‌ను 2007లో ఇంట్లోనే కాల్చి చంపిన కేసులో అరుణ్ గావ్లీకి 2012లో యావజ్జీవం పడింది, హైకోర్టు 2019లో సమర్థించింది. తుపాకీ పట్టింది వేరేవాళ్లు, ఆయన అప్పటికి శాసనసభ్యుడు. పాత్రికేయుడు జె.డే 2011లో హత్యకు గురైనప్పుడు ఛోటా రాజన్ దేశంలోనే లేడు, 2018లో అతనికీ యావజ్జీవమే. కానీ ఈ తీర్పులు చూసి తొందరపడవద్దు. అవి మహారాష్ట్ర 1999లో తెచ్చుకున్న వ్యవస్థీకృత నేరాల చట్టం కింద నడిచిన కేసులు, ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి నమోదు చేసిన ఒప్పుకోలును ఆ చట్టం సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. న్యాయ సంహితలో వ్యవస్థీకృత నేరాల గురించి చెప్పే 111వ సెక్షన్ ఆ చట్టం నుంచి చాలా మాటలు అరువు తెచ్చుకుంది గాని ఆ వెసులుబాటును తెచ్చుకోలేదు. పైగా జె.డే కేసులోనే ఇద్దరు ముద్దాయిలను ఆధారాలు చాలక విడుదల చేశారు. ఇందిరాగాంధీ హత్య కేసులో కూడా కాల్పుల చోట లేని కేహర్‌సింగ్‌కు కుట్ర కింద మరణశిక్షను ఖాయం చేసిన సుప్రీంకోర్టు, 1988లో అదే తీర్పులో బల్బీర్‌సింగ్‌ను, అనుమానం ఎంత ఉన్నా రుజువు కాదంటూ, వదిలిపెట్టింది.

ఆ 111వ సెక్షన్ పెట్టించమని మీకు ఎవరైనా సలహా ఇచ్చి ఉంటే, దానికున్న షరతు చూసుకోండి. భూకబ్జా, బలవంతపు వసూళ్లు, సుపారీ హత్య అన్నీ అందులో ఉన్నాయి. శిక్షలూ పెద్దవే, ప్రాణం పోతే మరణశిక్ష లేదా యావజ్జీవంతో పాటు కనీసం 10 లక్షల జరిమానా. అయితే గత పదేళ్లలో ఆ ముఠా నేరాలపై ఒకటికి మించి ఛార్జిషీట్లు దాఖలై, వాటిని కోర్టు విచారణకు స్వీకరించి ఉండాలి. రౌడీషీటు అందుకు సరిపోదు, అది పోలీసులు నిఘా కోసం తమ దగ్గర తెరుచుకునే రికార్డు మాత్రమే. ఆయన మీద పాత కేసుల నంబర్లు, అవి ఏ కోర్టులో ఏ దశలో ఉన్నాయో తెలిస్తే ఇవ్వండి. లేకపోతే ఈ సెక్షన్ కోసం పట్టుబట్టి అసలు కేసును బలహీనం చేసుకోవద్దు, హత్యకు శిక్ష చెప్పే 103తో కలిపి 61, 49 చాలు. పత్రికల్లో ‘ఏ-1’, అంటే మొదటి ముద్దాయి, అని రాగానే కేసు గెలిచినట్టు అనుకునేవాళ్లున్నారు, ఆ అంకెకు చట్టంలో ఏ బరువూ లేదు.

ఎఫ్‌ఐఆర్‌లో పేరు లేకపోవడం అడ్డంకి కాదు. దర్యాప్తులో ఎవరినైనా చేర్చవచ్చు. పట్టుబడ్డ కుర్రాళ్లకు మొదటి రిమాండు నుంచి 90 రోజుల్లోగా ఛార్జిషీటు పడకపోతే బెయిలు హక్కుగా వస్తుంది కాబట్టి పోలీసులు ఆ గడువుకు హడావుడిగా నలుగురి మీదే ముగించే ప్రమాదముంది. ఈలోగానే మీ దగ్గరున్న ప్రతి సంగతినీ రాతపూర్వకంగా దర్యాప్తు అధికారికి, ప్రతిని ఎస్పీకి గాని కమిషనర్‌కు గాని పంపి రసీదు దగ్గర పెట్టుకోండి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో బాధిత కుటుంబానికి చెప్పాల్సిన బాధ్యత నాగరిక సురక్షా సంహిత 193వ సెక్షన్ కింద వాళ్లదే. కదలిక లేకపోతే 175(3) కింద మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు, ఛార్జిషీటు తర్వాత కూడా 193(9) కింద తదుపరి దర్యాప్తు కోరవచ్చు. విచారణలో సాక్ష్యం బయటపడితే 358వ సెక్షన్ కింద కోర్టే ఆయన్ని పిలిపించగలదు, కాకపోతే దానికి బలమైన సాక్ష్యం కావాలని సుప్రీంకోర్టు 2014లో హర్‌దీప్‌సింగ్ కేసులో చెప్పింది. నలుగురిలో ఒకడు నిజం చెప్పడానికి సిద్ధపడితే క్షమాభిక్ష ఇచ్చి అప్రూవర్‌గా, అంటే ప్రాసిక్యూషన్ తరఫు సాక్షిగా, మార్చే వీలు 343లో ఉంది. అది మీ చేతిలోనిది కాదు, పబ్లిక్ ప్రాసిక్యూటర్‌తో మాట్లాడాలి. అప్రూవర్ మాటకు వేరే ఆధారాల తోడు లేనిదే కోర్టులు సాధారణంగా శిక్ష వేయవు.

చివరగా రాజీ. హత్య కేసు రాజీ పడదగిన నేరం కాదు, మీరు సంతకం పెట్టినా కేసు ఆగదు. మీ సాక్షులు అడ్డం తిరగడమే ఆయనకు కావలసింది. ఎవరొచ్చారు, ఏ తేదీన, ఎవరి ఎదుట, ఎంత ఇస్తామన్నారు, ఏమని బెదిరించారు అన్నది వచ్చినప్పుడల్లా రాసి పెట్టుకుని దర్యాప్తు అధికారికి ఇవ్వండి. తన పేరే లేని కేసులో రాజీకి మనిషిని ఎందుకు పంపాడన్నది కోర్టు అడగదగిన ప్రశ్నే. తప్పుడు సాక్ష్యం చెప్పమని బెదిరిస్తే న్యాయ సంహిత 232వ సెక్షన్ కింద అదే వేరే కేసవుతుంది. మీ మరదలికి ముప్పుందనిపిస్తే, జిల్లా సెషన్స్ జడ్జి అధ్యక్షతన ఉండే సాక్షుల రక్షణ కమిటీకి దరఖాస్తు చేయండి. సుప్రీంకోర్టు 2018లో మహేందర్ చావ్లా కేసులో ఆమోదించిన పథకం అది. ముప్పు ఎంతో పోలీసుల నుంచి నివేదిక తెప్పించుకుని, ఇంటి దగ్గర గస్తీ నుంచి తాత్కాలికంగా వేరే చోటికి మార్చడం దాకా ఏది తగినదో ఆ కమిటీ నిర్ణయిస్తుంది.